మా అమ్మకు పెట్టిన గొంతు

టీవీ వాళ్ళు అమ్మను మాట్లాడించడానికి వస్తున్నారని తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను చందానగర్ మార్కెట్‌లో బీరకాయలు ఏరుకుంటున్నాను.

"అక్కా, ఢిల్లీకెల్లి వస్తుండ్రట. జర నువ్వు కూడ రా. హిందీల అడుగుతరు" అన్నాడు.

"అమ్మకు ఉర్దూ వస్తది కదరా."

"బేరమాడే ఉర్దూ వస్తది. టీవీల మాట్లాడే ఉర్దూ వస్తదా?"

అమ్మ, తమ్ముడు ఖాజాగూడలో ఉంటారు. మాది ఆ ఊరే. పొలాలన్నీ కంపెనీలకు పోయాక మిగిలిన ఇంటి జాగాలో తమ్ముడు ఐదంతస్తులు లేపి, సాఫ్ట్‌వేర్ పిల్లలకు హాస్టల్ నడుపుతున్నాడు. అమ్మ కింది అంతస్తులో ఉంటుంది. ఎవరు ఎప్పుడు వచ్చారో, ఏ గదిలో నల్లా కారుతోందో చూసేది ఆమే. నోరు పెద్దది. పిల్లలు తమ్ముడికి భయపడరు గానీ ఆమె గేటు దగ్గర నిలబడితే సద్దుమణుగుతారు.

వచ్చినవాళ్ళు ఒక జాతీయ ఛానల్ కోసం కార్యక్రమం తీస్తున్నారు. దేశం ఎలా మారిందో భాగాలు భాగాలుగా చెబుతారట. అందులో మా వైపుది ఒక భాగం. దర్శకురాలు చిన్న వయసు పిల్ల. వస్తూనే అమ్మ కాళ్ళకు దండం పెట్టింది. ఆ తర్వాత ఇల్లంతా కలియజూసి మొహం చిన్నబుచ్చుకుంది. ఆమెకు ఐదంతస్తుల హాస్టల్ పనికిరాదు. డాబా మీదికి పోదామంది, అక్కడినుంచి వెనక అద్దాల భవనాలు కనబడతాయని. డాబా మీద వాషింగ్ మెషిన్ ఉంటే పక్కకు జరిపించింది. ప్లాస్టిక్ కుర్చీలు తీయించి, ఎక్కడినుంచో నులక మంచం తెప్పించింది. టీవీలో కనబడతానని అమ్మ కట్టుకున్న పట్టంచు చీర చూసి, "పాతది ఏమైనా ఉందా అమ్మా?" అని అడిగించింది. కళ్ళజోడు తీయించింది.

నాకు ఒళ్ళు మండింది. అమ్మకు మాత్రం ఏమీ అనిపించలేదు. కిందికి పోయి వెలిసిపోయిన నూలు చీర కట్టుకొని, పెళ్ళిచూపులకు కూచున్నట్టు వచ్చి మంచం మీద కూచుంది. ఆ పూట ఆమె చాలా సంతోషంగా ఉంది. ఆ సంగతి దాచను.

వాళ్ళు హిందీలో అడిగారు. ఆమె తనకు వచ్చిన తెలుగులోనే చెప్పింది. చెరువు కింద మడుల్లో నాట్లు వేసిన సంగతులు, ఆకుకూరల తట్ట నెత్తిన పెట్టుకొని టోలిచౌకి దాకా నడిచిన సంగతులు చెప్పింది. ఆ తర్వాత లేచి నిలబడి చెయ్యి చాపింది.

"అగో, ఆ నీలం అద్దాల బిల్డింగ్ ఉంది చూడు, ఆడ మా మామ జొన్నచేను. కంకులు గట్టివడే యాళ్ళకు భూమి సాపు జేసే మిషిన్ వచ్చింది. నాలుగొద్దులు ఆగుండ్రి, కోసుకుంటమన్నం. ఎవడిన్నడు? ఒక దిక్కుకెల్లి మిషిన్ తొక్కుకుంట వస్తున్నది. ఇంకో దిక్కుకెల్లి నేను, నా తోటికోడలు కంకులు తుంచి కొంగుల ఏసుకుంట వస్తున్నం. నడిమిట్ల ఎదురువడ్డం. ఇగ ఆడ ఆగినం."

నాతో పని పడలేదు; మాటలు హిందీలోకి మార్చి చెప్పడానికి వాళ్ళే ఒక హైదరాబాదు కుర్రాణ్ణి తెచ్చుకున్నారు. అదంతా విని దర్శకురాలితో హిందీలో ఒక్క ముక్క చెప్పాడు: అప్పట్లో కొద్దిగా వ్యవసాయం ఉండేదంటోంది. ఆమె తలూపి, ఇప్పుడీ భవనాలను చూస్తే ఎలా అనిపిస్తుందో అడగమంది.

"కండ్లకు మంచిగనే ఉన్నయ్. కడుపుల మంట లేస్తది" అంది అమ్మ.

కుర్రాడు దాన్ని ఏమని చెప్పాడో నాకు వినబడలేదు. దర్శకురాలు నవ్వి అమ్మ చెయ్యి పట్టుకుంది.

నేను మాదాపూర్‌లో ఒక డబ్బింగ్ స్టూడియోలో పనిచేస్తాను. హిందీలో, ఇంగ్లిషులో వచ్చే కార్యక్రమాలకు తెలుగు మాటలు రాయడం నా పని. కొన్ని నెలలు గడిచాక ఆ కార్యక్రమమే మా స్టూడియోకు వచ్చింది. మా బాసు దాన్ని నాకే ఇచ్చాడు. ఆయనది కోస్తా వైపు. ఎంత కోపమొచ్చినా గొంతు పెంచని మనిషి. "మీ ఏరియా గురించేనండి, మీరైతే బాగా రాస్తారు" అన్నాడు. మా అమ్మ అందులో ఉందని ఆయనకు తెలియదు.

హెడ్‌ఫోన్లు పెట్టుకొని చూడటం మొదలుపెట్టాను. ఎగిరే కెమెరాతో ఆకాశం నుంచి తీసిన బండలు, వాటి వెనక భవనాలు. బరువైన మగ గొంతు హిందీలో చెబుతోంది: ఒకప్పుడు ఇక్కడ బండరాళ్ళు, పాములు తప్ప ఏమీ లేవు; మనిషి జాడ లేదు; ఈ దేశం కల కనడం నేర్చుకున్నది ఈ బండల మీదే. ఆ తర్వాత మంచం మీద అమ్మ కనబడింది. కింద 'స్థానిక వృద్ధురాలు' అని అక్షరాలు. ఆమె లేచి చెయ్యి చాపింది. ఆమె పెదవులు కదులుతున్నాయి. పైన ఎవరో హిందీ ఆవిడ తియ్యగా మాట్లాడుతోంది: "అప్పుడు ఇక్కడ ఏముంది బాబూ, రాళ్ళే కదా. ఈ భవనాలు మా రాత మార్చేశాయి. చూస్తుంటే గుండె నిండిపోతుంది."

హిందీ కింద అమ్మ సొంత గొంతు సన్నగా వినబడుతోంది. చెవులకు గట్టిగా అదుముకొని విన్నాను. 'కొంగుల' అన్న మాట ఒక్కటి తెలిసింది. మిగతాదంతా సంగీతం మింగేసింది.

ఇలాంటివి నేను ఎన్ని రాశానో లెక్కలేదు. ఏదో కొండ ప్రాంతం, ఎవరో ముసలాయన, ఏదో డ్యాము. హిందీలో ఏముంటే అది తెలుగులో పెట్టాను. వాళ్ళంతా నిజానికి ఏమన్నారో ఎవరికి తెలుసు? మానిటర్‌ను ఎత్తి కొట్టాలనిపించింది. లేచి బాసు గదికి పోయాను.

"సార్, ఈ ముసలామె మా అమ్మ."

ఆయన మొహం వెలిగిపోయింది. "అయ్యో, చెప్పలేదేంటండి! కంగ్రాచ్యులేషన్స్!"

"ఆమె ఈ మాటలు అనలేదు. షూటింగ్‌లో నేను పక్కనే ఉన్నాను. ఆమె తెలుగులోనే మాట్లాడింది. తెలుగు వెర్షన్‌లో ఆమె గొంతే పెట్టొచ్చు కదా సార్? మళ్ళీ హిందీ నుంచి తెలుగు చేసుడేంది?"

కోపంలో నా భాష జారింది. ఆయన గమనించాడు. నీళ్ళ సీసా మూత తీసి ఒక గుక్క తాగాడు.

"మనకొచ్చింది మిక్స్ చేసిన ట్రాకండి, అందులో ఆవిడ గొంతు విడిగా లేదు. ఒరిజినల్ ఆడియో వాళ్ళ దగ్గరుంటుంది, ఇవ్వరు. ఇంకో విషయం, ఏమీ అనుకోకండి. ఆవిడ యాస అందరికీ అర్థం కాదు కదండి. రాయలసీమ వాళ్ళూ చూస్తారు, కోస్తా వాళ్ళూ చూస్తారు."

"యాస సంగతి తర్వాత. ఆమె అన్నది ఒకటి, వీళ్ళు పెట్టింది ఒకటి."

"మనం అనువాదకులమండి. హిందీలో ఉన్నది తెలుగులో పెడతాం. చరిత్ర రాసేది మనం కాదు."

మెత్తగా చెప్పాడు. అరిచి ఉంటే బాగుండేది. నేనూ అరిచేదాన్ని.

సీటుకు తిరిగొచ్చి స్క్రిప్టు రాశాను. అమ్మ భాగం దగ్గర ఆమె నిజంగా అన్న మాటలే రాశాను. జొన్నచేను, మిషిన్, కొంగులో కంకులు, కడుపులో మంట. ఆమె పెదవుల కదలికకు ఆ మాటలు ఎంత బాగా అతికాయో! అతకవా మరి, ఆమెవే కదా. రాసి పంపి ఇంటికి పోయాను.

మర్నాడే పట్టుకున్నారు. హిందీతో తెలుగును సరిపోల్చి చూసే మనిషి ఒకరుంటారు, ఆమె ఎర్రగీత పెట్టి తిప్పి పంపింది. బాసు నన్ను పిలవలేదు. ఆ ఒక్క భాగాన్ని ఇంకొకరితో రాయించి, రికార్డింగ్‌కు మాత్రం నన్ను కూచోమన్నాడు. అది శిక్షో, ఆయనకు అలవాటైన మర్యాదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

అమ్మకు గొంతిచ్చిన ఆవిడ సీరియళ్ళలో అత్తలకు, నాయనమ్మలకు చెబుతుంటుంది. పనిలో గట్టిది. గాజుగదిలో నిలబడి, తెర మీద అమ్మను ఒకసారి చూసి, మైకులో అడిగింది: "ఏడుపు కావాలా అండీ, మురిపెమా?"

"మురిపెం. కొంచెం వణుకు పెట్టండి, వయసు తెలియాలి" అన్నాడు బాసు.

మా అమ్మ గొంతులో వణుకు లేదు. హాస్టల్ మూడో అంతస్తులో ఫ్యాన్ వదిలేసి పోయిన పిల్లాణ్ణి గేటు దగ్గరే ఆపి వెనక్కి పంపగల గొంతు అది. ఆవిడ వణుకు పెట్టింది. "అప్పుడు ఇక్కడ రాళ్ళు తప్ప ఏమీ ఉండేవి కాదండీ. ఈ భవనాలు మా తలరాతే మార్చేశాయండీ." మొదటిసారికే సరిపోయింది. సౌండ్ ఇంజినీరు బొటనవేలు పైకెత్తాడు. బయటికొచ్చాక ఆవిడ నా భుజం తట్టి, "అమ్మగారు చక్కగా ఉన్నారండీ" అంది.

ఆదివారం పొద్దున కార్యక్రమం వచ్చింది. తమ్ముడు హాస్టల్ భోజనాల గదిలో పెద్ద టీవీ పెట్టించాడు. పిల్లలంతా టిఫిను ప్లేట్లతో కూచున్నారు. అమ్మ ముందు వరుసలో, పట్టంచు చీరలో. నేను ముందే చెప్పాను, అందులో ఉన్నది నీ గొంతు కాదు, నీ మాటలు కావు అని. "సూద్దాం తీయే" అంది.

తెర మీద ఆమె నోరు తెరిచింది. ఆ వణుకు గొంతు వచ్చింది.

"గీమె ఎవలే? నా నోట్ల కూసున్నది?" అంది అమ్మ గట్టిగా. అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. అప్పుడు నాకు ధైర్యం వచ్చింది. ఇప్పుడు తిడుతుంది, ఈ గదిలో ఇంతమంది ముందు అసలు సంగతి చెబుతుంది అనుకున్నాను. కానీ కార్యక్రమం అయిపోగానే పిల్లలు చప్పట్లు కొట్టారు. ఒకడు వచ్చి కాళ్ళకు మొక్కాడు. ఇంకొకడు పక్కన నిలబడి ఫొటో తీసుకున్నాడు. అమ్మ వీపు నిటారుగా పెట్టి కూచుంది.

ఆ ముక్క ఫోన్లలో తిరిగింది. ఒక కంపెనీలో కొత్తగా చేరినవాళ్ళకు మొదటిరోజు చూపిస్తున్నారని హాస్టల్ పిల్లాడే చెప్పాడు. వాడు ఒడిశా నుంచి వచ్చాడు. ఈ ఊరి గురించి వాడికి తెలిసింది అంతే: బండలు, పాములు, ఆ పైన కంపెనీలు. అమ్మ వంట గదిలో నిలబడి నాకే చెప్పాడు, ఇక్కడ ఇదివరకు మనుషులే లేరట కదా అక్కా అని. వాడి మీద అరిచాను. తర్వాత తమ్ముడు నా మీద అరిచాడు, కిరాయిదార్లను పరేషాన్ చెయ్యొద్దని.

రిపబ్లిక్ డే నాడు దగ్గర్లోని ఒక గేటెడ్ కమ్యూనిటీ వాళ్ళు అమ్మను జెండా వందనానికి పిలిచారు. నేనూ వెళ్ళాను. పిల్లల డ్యాన్సులయ్యాక అమ్మకు శాలువా కప్పి మైకు చేతికిచ్చారు.

"అప్పుడు ఇక్కడ రాళ్ళు తప్ప ఏమీ ఉండేవి కాదండీ" అంది మా అమ్మ.

అండీ! పుట్టి బుద్ధెరిగాక ఆమె నోట ఎన్నడూ రాని మాట. దానికి తోడు గొంతులో వణుకు. స్టూడియోలో ఆ డబ్బింగ్ ఆవిడ పెట్టిన వణుకే, అదే చోట, అదే కొలతలో. ఎన్నిసార్లు చూసి నేర్చుకుందో! లాన్‌లో కుర్చీల్లో కూచున్నవాళ్ళు కళ్ళు తుడుచుకుంటున్నారు. నేను లేచి గేటు బయటికి పోయి నిలబడ్డాను. సెక్యూరిటీ అతను మేడమ్ ఎవరి ఫ్లాటు అని అడిగాడు.

తిరిగి వచ్చేటప్పుడు తమ్ముడి కారులో ఆమె పక్కనే కూచొని అడిగాను.

"ఎందుకట్ల చెప్పినవ్?"

"ఎట్ల?"

"ఏం లేకుండె అంటవేందే? మామ చేను ఏడవాయె? మీరు కంకులు తుంచింది ఏడవాయె?"

అమ్మ శాలువా మడతపెడుతూ ఉంది. "ఇన్నేండ్లు పొలం పొలమన్న. ఎవడన్న నిలవడి ఇన్నడా? మీ నాయిన ఇన్నడా? మీరిన్నరా? రాళ్ళన్న, పిలిచి కుర్సేసిండ్రు. నీకేందే కడుపునొప్పి?"

"అది అబద్ధం గనక."

"టీవీల వచ్చింది అబద్ధమైతదా? నువ్వే గద ఆడ పనిచేసేది!"

తమ్ముడు అద్దంలోంచి నన్ను చూసి నవ్వాడు. వాడి నవ్వు చూసి నాకు ఎంత అసహ్యం వేసిందో చెప్పలేను.

ఆ వారమే బాలానగర్ పోయాను, చిన్నమ్మ దగ్గరికి. అమ్మ తోటికోడలు. అమ్మతో పాటు కంకులు తుంచింది ఈమే. పొలం పోయాక మా బాబాయి అక్కడ ఒక లేత్ వర్క్‌షాప్‌లో పనికి కుదిరాడు. ఇప్పుడు బాబాయి లేడు. వర్క్‌షాప్‌ల వెనక సందులో చిన్నమ్మ కూతురితో ఉంటోంది. అమ్మకూ ఆమెకూ మాటలున్నాయి గానీ మనసులు లేవు.

టీవీలో వచ్చిన సంగతి ఎత్తగానే చిన్నమ్మ భగ్గుమంది.

"సూసిన. మీ అమ్మ ఒక్కతే ఉండెనా ఆ ఊర్ల? రాళ్ళేనట! రాళ్ళు తిని వెంచిందా మిమ్ములను?"

ఫోన్ తీసి, రికార్డు చేసుకుంటానన్నాను. చేసుకో అంది. పక్కనుంచి లేత్ మిషన్ల రొద వస్తుంటే గొంతు పెంచి మొత్తం చెప్పింది. అయితే అమ్మ చెప్పినట్టు చెప్పలేదు. అది జొన్న కాదు, సజ్జ అంది. ఇద్దరూ కలిసి తుంచలేదంది. "మీ అమ్మ ఏడ్సుకుంట గెట్టు మీద కూలవడ్డది. తెంపింది నేను. నా కొంగుల ఏసుకున్న. మిషిన్ నడిపేటోడు నన్ను సూసి జరసేపు ఆపిండు. ఆన్ని ఎవడో తిడితె మల్ల తోలిండు."

ఆ ఏడు నేను ఊళ్ళో లేను, ఎవరిది నిజమో తెలియదు. ఆమె గొంతును ఆమె గొంతుగానే, ఆమె భాషలోనే, ఒక్క అక్షరం కత్తిరించకుండా ఇంటర్నెట్‌లో పెట్టాను. ఈ చోట చేలు ఉండేవి, మనుషులు ఉండేవాళ్ళు అని పైన రెండు వాక్యాలు రాశాను. పనిలో ఇన్నేళ్ళలో నాకంత తృప్తి ఎన్నడూ కలగలేదు.

మొదటి రెండు రోజులు ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత వచ్చారు. ఈమెకు ఎవరో చెప్పి పంపారని ఒకడు. అభివృద్ధి అంటే పడనివాళ్ళు ఇలాంటి ముసలివాళ్ళను పట్టుకొస్తారని ఇంకొకడు. యాసను వెక్కిరించినవాళ్ళు కొందరు. ఆ తర్వాత ఎవరో ఒక వీడియో తగిలించారు: "ఇదీ అసలు నిజం. అక్కడే పుట్టి పెరిగిన ఆవిడ ఏం చెబుతోందో వినండి." నొక్కితే మా అమ్మ. మంచం మీద, వెలిసిన చీరలో, చెయ్యి చాపి. "రాళ్ళు తప్ప ఏమీ ఉండేవి కాదండీ."

ఆ కింద దండం పెట్టే చేతుల బొమ్మలు వరసగా పడ్డాయి. ఆ ఇద్దరూ ఒకే ఇంటి కోడళ్ళని, అమ్మ చాపిన చెయ్యి ఆ చేనునే చూపిస్తోందని రాశాను. నువ్వెవరని అడిగారు. కూతుర్నన్నాను. నమ్మలేదు. నా దగ్గర రుజువేముంది? వాళ్ళ దగ్గర అమ్మ మొహం ఉంది.

చిన్నమ్మ కూతురు అదంతా తల్లికి చదివి వినిపించింది. చిన్నమ్మ అమ్మకు ఫోన్ చేసి నానా మాటలూ అంది. అమ్మ తక్కువ తిందా? అబద్ధాలకోరువని చిన్నమ్మను తిట్టింది. ఆ ఏడు బోనాలకు చిన్నమ్మ రాలేదు. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి వాళ్ళిద్దరూ పక్కపక్కనే బోనం ఎత్తేవాళ్ళు. అమ్మ ఒక్కతే ఎత్తుకొని నడిచింది. దానికి కారణం నేనేనంది.

"నువ్వే వెట్టినవ్ మంట. ఎవలడిగిండ్రే నిన్ను?"

"మంట నేను పెట్టలేదు. వాళ్ళు పెట్టిండ్రు. నువ్వు ఊదినవ్."

అమ్మ చెయ్యి ఎత్తింది, కొట్టడానికే. నలభై దాటిన కూతురినని గుర్తొచ్చిందేమో, దించేసింది.

నాకు అప్పటికీ ఒక ఆశ ఉండేది. శాలువాల కోసం, కుర్చీ కోసం అమ్మ పైకి అలా అంటోందని, లోపల అంతా భద్రంగానే ఉందని అనుకునేదాన్ని. బోనాలైన కొన్నాళ్ళకు, కోపాలు కాస్త చల్లబడ్డాక, ఆమె చిక్కుళ్ళు తుంచుతుంటే పక్కన కూచొని మామూలుగా అడిగాను.

"అమ్మా, ఆ చేనుల ఏసింది జొన్ననా, సజ్జనా? చిన్నమ్మ సజ్జ అంటున్నది."

ఆమె చేతులు ఆగాయి. కిటికీలోంచి నీలం అద్దాల వైపు చూసింది.

"ఏ చేనే?" అంది.

"మామ చేను."

"ఆడ చేనెక్కడిదే? ఆడ బండలే గద."

మొహంలోకి చూశాను. ఆమె అబద్ధమాడితే నాకు తెలుస్తుంది; ముక్కుపుడక తడుముకుంటుంది. చెయ్యి చిక్కుళ్ళ మీదే ఉంది. ఆమె నిజమే చెబుతోంది. ఆమెకు నిజంగా అక్కడ బండలే కనబడుతున్నాయి, ఆకాశం నుంచి తీసిన బండలు. ఆ కెమెరా ఎగిరినంత ఎత్తు నుంచి ఆమె ఆ చోటును ఏనాడూ చూసి ఉండదు. ఇప్పుడు మాత్రం అలాగే చూస్తోంది.

డాబా మీద నులక మంచం వేయించిన ఆ పిల్ల నాకు గుర్తొచ్చింది. నా కళ్ళ ముందు ఉంటే ఏం చేసేదాన్నో తెలియదు. ఆమె ఇప్పుడు ఇంకే ఊళ్ళోనో ఇంకెవరి కాళ్ళకో దండం పెడుతూ ఉంటుంది.

ఉద్యోగం మానలేదు. మానితే ఎట్లా గడుస్తుంది? పిల్లల కార్టూన్లు రాస్తానని చెప్పి మార్పించుకున్నాను. బాసు ఎందుకని అడగలేదు, "మీ ఇష్టమండి" అన్నాడు. జెండా పండుగలు వచ్చినప్పుడల్లా ఛానల్ ఆ భాగాన్ని మళ్ళీ వేస్తుంది. ఆ రోజుల్లో నేను ఖాజాగూడ పోను.

మొన్న అమ్మే ఫోన్ చేసింది. బోనాల గొడవ తర్వాత తనంతట తాను చేయడం అదే మొదలు. ఆ టీవీ వాళ్ళు రెండో విడత తీస్తున్నారట. మళ్ళీ ఆమెనే అడిగారట.

"ఈసారి మంచిగ తయారై చెప్త. నువ్వు గూడ రాయే" అంది.

"ఏం చెప్తవ్?"

"ఏమో. ఏం చెప్పాల్నో ఆళ్ళనే అడుగుత."

ఫోన్ పెట్టేశాను. మళ్ళీ మోగింది. తియ్యలేదు.